తోడు వేసిన చెయ్యి

ముప్పై ఒక్క ఏళ్లు చేతికి తడి అంటకుండా కెమిస్ట్రీ చేశాను. ఈ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని. మా పినాకినీ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగానికి రెండంతస్తుల భవనం ఉంది. కింద ఆంజనప్ప గారి ప్రయోగశాల, దాని ఘాటు వాసన, యాసిడ్ పడి చిల్లులు పడ్డ కోట్లు. పైన నేను, నా విద్యార్థులు, నలభై కంప్యూటర్లు, ఒక ఏసీ. అణువులు ఎట్లా కలుస్తాయో, ఎట్లా విడిపోతాయో మేము లెక్క వేసి చెబుతాం. ముట్టుకోవడం మాత్రం లేదు. కిందివాళ్లు మమ్మల్ని పొడి కెమిస్టులని వెక్కిరించేవారు. వాళ్ల గాజుసామాను పేలినప్పుడల్లా మేము మెట్ల మీద నిలబడి నవ్వేవాళ్లం.

నా భర్త చెన్నకేశవులు ప్రొద్దుటూరు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి, జబ్బు మూలంగా ముందే రిటైరయ్యారు. ఆయన కాలేయంలో ఒక లోపం ఉంది. తిన్న తిండిలోంచే పుట్టే ఒక విషం ఒంట్లో పేరుకుని మెదడుకెక్కుతుంది. దాన్ని విరిచే మందు ఒకటే. తేనె రంగు ద్రవం, పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, సీసా ఐదు రోజులు వస్తుంది. దేశం మొత్తం మీద ఆ జబ్బు ఉన్నవాళ్లు తొమ్మిది వందల మంది, వాళ్లందరికీ మందు చేసే కంపెనీ హైదరాబాదుకు అవతల ఒక్కటే ఉంది. మందు తగ్గితే మనిషి మొదట మాటలు తడబడతాడు, తర్వాత మనుషులను మరిచిపోతాడు, ఆ తర్వాత లేవడు. పదకొండేళ్ల కిందట, జబ్బేమిటో ఇంకా తెలియనప్పుడు, అందులో మొదటి మెట్టు చూశాను. అప్పటి నుంచి ఆయనకు మందు నా చేత్తోనే పోసి ఇస్తున్నాను, ఇంకెవరినీ నమ్మను.

ఆ మందు అణువు నాకు కంఠతా వచ్చు. లెక్కలు చేసే ప్రతి కెమిస్టుకూ కొత్త పద్ధతి రాగానే పరీక్షించి చూసుకోవడానికి ఒక పెంపుడు అణువు ఉంటుంది. నాది అది. ఎమ్మెస్సీ పిల్లలకు తొమ్మిదేళ్లుగా అదే అభ్యాసం ఇస్తున్నాను, దాన్ని తాగేది ఎవరో చెప్పకుండా.

అందుకే మా ప్రోగ్రాం తయారైనప్పుడు కూడా మొదట దాని మీదే నడిపాం. నేనూ నా పరిశోధక విద్యార్థిని షాహిదా కలిసి ఆరేళ్లు రాసిన ప్రోగ్రాం అది. అణువులు స్ఫటికంగా పేర్చుకోవడానికి ఎన్నో దారులుంటాయి. ఇటుకలు అవే, గోడలు వేరు. వాటన్నిటిలోకీ గట్టిగా, ఇక మారాల్సిన అవసరం లేకుండా నిలిచిపోయే అమరిక ఏదో మా ప్రోగ్రాం నాలుగు రోజుల్లో పట్టుకుంటుంది. దాన్ని దేని మీద మొలిపించవచ్చో కూడా చెబుతుంది. ఇంతవరకూ ఎవరూ చేయలేని పని. అట్టడుగు అమరికను వెతుకుతుంది కాబట్టి దానికి 'అడుగు' అని పేరు పెట్టాను.

మందుకు అప్పటిదాకా మూడు స్ఫటిక రూపాలు తెలుసు. అడుగు నాలుగోది చూపించింది. చాలా గట్టిది. నీళ్లలో వేసినా కడుపులో వేసినా కరగని రాయి. ఆ వారం క్లాసులో దాన్నే పాఠంగా చెప్పాను. ఈ రూపం పుట్టాలంటే అణువులు ఎక్కి దాటాల్సిన గట్టు ఇంత ఎత్తు, కాబట్టి ఏ సీసాలోనూ వెయ్యేళ్లయినా ఇది పుట్టదు అని బోర్డు మీద అంకెలు వేసి చూపించాను. షాహిదా వాళ్లమ్మ మైదుకూరు రోడ్డులో పెరుగు అంగడి నడుపుతుంది. వెనక బెంచీలో కూర్చున్న షాహిదా మెల్లగా లేచింది.

"దానంతట అది పుట్టదు మేడమ్, సరే. తోడు వేస్తే?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఇవి పాలు కావమ్మా అన్నాను. కానీ మాట బాగుంది. మొలక స్ఫటికానికి ఆ రోజు నుంచి మా గదిలో తోడు అనే పేరే ఖాయమైంది.

ఆంజనప్ప గారికి కాగితం మీది స్ఫటికమంటే నమ్మకం లేదు. లెక్కలో ఉన్నది లోకంలో ఉందో లేదో తేలుస్తానని అడుగు చెప్పిన ప్రకారం కింద పని మొదలుపెట్టారు. ఏడు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున మెట్ల కింద నుంచి నన్ను కేకేశారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలోకి నేను అంత వేగంగా ఎప్పుడూ దిగలేదు. గాజుపళ్లెంలో సన్నటి తెల్లటి సూదులు ఉన్నాయి. కొలిచి చూశారు, ప్రతి కోణమూ మా లెక్కతో సరిపోయింది. తొడుగులు వేసుకో తల్లీ అని ఆయన అంటూనే ఉన్నారు. నేను వినే స్థితిలో లేను. అంకెలుగా తప్ప ఎన్నడూ చూడని దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాను. సన్నటి ఇసుకలా గరగరలాడింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. షాహిదాను పిలిచి ఆ పిల్ల అరచేతిలో కూడా ఇంత వేశాను.

మధ్యాహ్నం సబ్బుతో చేతులు కడుక్కుని భోజనం చేశాను. సాయంత్రం ఇంటికి వెళ్లి ఆయనకు చెంచాలో మందు పోసి ఇచ్చాను.

మంగళవారం పొద్దున సీసా తెల్లగా ఉంది. తలకిందులు చేసినా చుక్క కదలలేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు.

"ఇదేంది వకుళా, మందు తోడుకునింది" అన్నారు నవ్వుతూ.

షాహిదా మాట ఆయనకు తెలియదు. ఆయన నోట్లోంచి అదే మాట వచ్చింది. అయినా అప్పుడు నేను చేసిన పని చదువుకున్న మూర్ఖురాలు తప్ప ఎవరూ చేయరు. ఒక్కసారి జరిగినది ఫలితం కాదని పిల్లలకు ఎప్పుడూ చెప్పేదాన్ని. ఆ నెల వచ్చిన ఆరు సీసాల్లో ఒకటి గడ్డకట్టింది, ఐదు మిగిలాయి. అల్మారాలోంచి రెండోది తీసి, మూత తిప్పి, కిటికీ దగ్గర పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాలకు లోపల తెల్లటి దారం ఒకటి కనిపించింది. ముప్పై ఐదు నిమిషాలకు గడ్డ. ఆ టైములు కాగితం మీద రాసుకున్నాను కూడా.

"రెండోదీ పాయె. మూడోది కూడా చూస్తావా?" అని ఆయన అడిగేదాకా నాకు బుద్ధి రాలేదు.

వేడిచేసి కరిగించే వీలు లేదు. నాలుగో రూపం కరిగే వేడికి మందే మాడిపోతుంది. అది కూడా అడుగు ముందే చెప్పింది, నేనే దాన్ని గొప్ప విశేషంగా బోర్డు మీద రాశాను.

తప్పు వేళ్లదే అనుకున్నాను. తలారా నీళ్లు పోసుకుని, చీర మార్చుకుని, గోళ్లు కత్తిరించుకున్నాను. మూడో సీసా మీరే తీసి మీరే పోసుకోండి అని ఆయనకు చెప్పి, కంపెనీవాళ్లకు జాగ్రత్త చెప్పి నాలుగు సీసాలు తెచ్చుకుందామని అప్పుడే కారులో హైదరాబాదు బయలుదేరాను. ఫోన్ చేస్తే సరిపోయేది. ఫోన్ చేస్తే సరిపోయేదన్న ముక్క ఇప్పటికీ స్నానం చేస్తుంటే, బస్సులో కూర్చుంటే, పాఠం మధ్యలో గుర్తొస్తుంది. గడ్డకట్టిన సీసాను నమూనాగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మరీ వెళ్లాను.

బుధవారం కంపెనీలో మేనేజరు బదరీనాథ్ నన్ను బాగా గౌరవించాడు. టీ ఇప్పించాడు. సీసా మూత తీసి, వాసన చూసి, పరీక్షలు చేసే బల్ల మీద పెట్టించి నలుగురికీ చూపించాడు. నాకు టోపీ, గౌను తొడిగించి ట్యాంకుల దాకా తీసుకెళ్లాడు. ఆ నెల సరుకంతా ఆ ట్యాంకుల్లోనే ఉంది, గోడౌన్ ఖాళీ, శనివారం మొదటి పెట్టె మీకే పంపుతానన్నాడు. నేను తృప్తిగా తిరిగొచ్చాను.

గురువారం సాయంత్రం ఇంటికి చేరేసరికి మూడో సీసా బల్ల మీద నిగనిగలాడుతూ ఉంది. రెండు రోజులు ఆయన సొంతంగా పోసుకున్నారు, ఏమీ కాలేదు. నాకు ధైర్యం వచ్చింది. ఆయన సాయంత్రపు చెంచాకు మూత తీశారు. నేను అవతలి కుర్చీలో కూర్చుని కంపెనీ విశేషాలు చెబుతున్నాను. సీసాను ముట్టుకోనైనా లేదు. ట్యాంకుల దాకా వెళ్లిన సంగతి చెబుతుండగా మందులో పైనుంచి తెల్లటి పొర ఒకటి దిగడం మొదలైంది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం.

అప్పుడు అర్థమైంది. కంటికి కనిపించని నలుసు చాలు. అది నా జుట్టులో ఉంది, బ్యాగులో ఉంది, కారు సీట్లలో ఉంది, చెప్పుల్లో ఉంది. తోడు నా వేళ్లకు అంటలేదు, నేనే తోడునయ్యాను. ఆ ఒంటితోనే తొమ్మిది వందల మంది మందు ఉన్న గదిలో తిరిగి వచ్చాను.

పెరట్లోకి వెళ్లి బదరీనాథ్‌కు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అతను చెప్పాడు, మధ్యాహ్నం నుంచి ట్యాంకులన్నీ గడ్డకడుతున్నాయని, మందులో కలిపే చక్కెర సరఫరా చేసినవాడు కల్తీ సరుకు పంపాడని, వాడిని వదిలిపెట్టేది లేదని. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. తర్వాత, అది చక్కెర కాదు, నేను అని చెప్పాను. ఎట్లాగో వివరించాను.

"తొమ్మిది వందల మందికి నేనేం చెప్పాల మేడమ్?" అన్నాడు.

వేరే రాష్ట్రంలో వాళ్లకు ఖాళీ షెడ్డు ఒకటి ఉంది. అక్కడ మళ్లీ మొదలుపెట్టాలంటే ఇరవై రోజులకు పైనే పడుతుంది. అక్కడికి కూడా ఎవరి బట్టల మీదో ఆ నలుసు చేరితే అంతే సంగతులు.

ఇంట్లో మూడు సీసాలు మిగిలాయి, మూత తీయనివి. పదిహేను రోజులు. నేను ఆ ఇంట్లో ఉన్నంతసేపూ వాటి మూత తీయడానికి వీల్లేదు. నేను తిరిగిన ముందుగది వైపు రావద్దని, సీసాలు తీసుకుని వెనక గదిలోకి మారమని, స్నానం చేసి అక్కడే ఉండమని ఆయనకు చెప్పాను. నేను వచ్చేదాకా ఎవరికీ తలుపు తీయవద్దన్నాను, ఎవరి చేతికి ఏముందో తెలియదు కదా. కంపెనీ మందు ఎప్పుడొస్తుందని అడిగారు. ఇరవై రోజులకు పైనే అన్నాను. ఆయన మూడు సీసాల వంకా చూసి, ఇంకేమీ అడగకుండా సరేనన్నారు. ఆ చూపును నేను పట్టించుకోలేదు. డిపోలో ముప్పై ఏళ్లు, ఉన్న డీజిల్‌తోనే ఉన్న బస్సులన్నీ నడిపించిన మనిషి అని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

రెండు జతల బట్టలతో విశ్వవిద్యాలయం అతిథిగృహంలో చేరాను. షాహిదా కూడా ఇంటికి పోకుండా అక్కడే పక్కగదిలో ఉండిపోయింది. ఆమె చేతికీ నేను అంటించానుగా. శుక్రవారం పొద్దున ఇద్దరం కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. నేను కొత్త షెడ్డును ఎట్లా శుభ్రంగా ఉంచాలో లెక్కలు వేస్తుంటే షాహిదా అడ్డం తగిలింది.

"మా అమ్మ పాలగదికి వేరే చెప్పులు, వేరే కోకలు పెట్టింది మేడమ్. పెరుగు ముట్టినోళ్లని గడప దాటనీదు. అయినా ఎండాకాలం ఏదో ఒక దినం పాలు తోడుకుంటాయి. గదిని కాపాడుకోలేం. తోడు వేసినా తోడుకోని పాలు కావాల మనకు."

ఈసారి నవ్వలేదు. అడుగును తిరగేశాం. ఇన్నాళ్లూ స్ఫటికం దేని మీద మొలుస్తుందో వెతికింది, ఇప్పుడు మొలిచే ముఖానికి అడ్డంగా అంటుకుని దాన్ని పెరగనీయకుండా చేసేదాన్ని వెతకాలి. కొత్త పదార్థమైతే మనుషుల మీద పరీక్షలకు ఏళ్లు పడతాయి కాబట్టి, ఇప్పటికే తిండిలో వాడుతున్న బంకల్లో మాత్రమే వెతకమన్నాం. అందరి పనులూ ఆపించి నలభై కంప్యూటర్లూ దానికే పెట్టాను. సగం మంది విద్యార్థులు మొహాలు ముడుచుకున్నారు.

పొద్దునా సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేదాన్ని. మందు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటాండా అనేవారు. ఏం వండుకున్నారంటే సద్ది అన్నం, ఉలవచారు అనేవారు. శనివారం మామూలుగా ఎమ్మెస్సీ క్లాసుకు వెళ్లాను. వెళ్లకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఆ రోజు పాఠం లెక్కల్లో తప్పు గురించి. జవాబు పక్కన ఎంత తప్పు ఉండవచ్చో రాయకపోతే అది జవాబు కాదు, పుకారు అని ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పాను. ముందు బెంచీ అమ్మాయి ఇది పరీక్షకు వస్తుందా అని అడిగింది. రాకుండా ఎట్లా ఉంటుందమ్మా అన్నాను.

సోమవారం పొద్దున జవాబు వచ్చింది. పదకొండు బంకల్లో అన్నిటికన్నా పైన నిలిచింది గోరుచిక్కుడు గింజల బంక. ఐస్‌క్రీముల్లో గడ్డలు కట్టకుండా వేస్తారే, అది. అడ్డుపడే బలం సున్నా పాయింటు తొమ్మిది. తప్పు ఒకటి పాయింటు ఒకటి. జవాబుకన్నా తప్పు పెద్దది. విద్యార్థి ఎవరైనా అట్లాంటి అంకె తెస్తే కాగితం మొహం మీద కొట్టి పంపేదాన్ని.

నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే నిజం మందులో బంక కలిపి, నిజం తోడు వేసి, మూడు రోజులు చూడాలి. కంపెనీ దగ్గర ఉన్నదంతా గడ్డ. మిగతా రోగుల దగ్గర ఉన్న సీసా అడిగే మొహం నాకు లేదు. ఉన్నది మా ఇంట్లోనే. పనిచేస్తే ఆ సీసా ఆయనకే తిరిగొస్తుంది. చేయకపోతే ఐదు రోజుల ప్రాణం నేలపాలు. ఫోన్‌లో అంతా దాచకుండా చెప్పాను. ఆయన నిదానంగా విన్నారు. మాట కొంచెం ముద్దగా ఉంది, నిద్రలేమి అనుకున్నాను.

"నీ లెక్క తప్పయ్యేదానికి ఎంత అవకాశం ఉండాది?" అని అడిగారు.

"తప్పే లెక్కకన్నా పెద్దగా ఉంది" అన్నాను.

"అయితే నీకు తెల్దు."

"తెలియదు."

"బండి కండిషను తెలీకపోయినా, స్టాండు నిండా జనముంటే ఒక్కోసారి వదుల్తాం వకుళా. గేటు కాడ పెడతా, వచ్చి తీస్కపో."

వెళ్లేసరికి గేటు పక్క దిమ్మె మీద సీసా ఉంది. ఆయన వెనక గది కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, బస్సుకు రైట్ చెప్పినట్టు ఊపారు. నేను దగ్గరికి వెళ్లలేదు. సీసాను కొంగుతో పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం పన్నెండుకు అతిథిగృహం గదిలో మూత తీసి, బంక కలిపి, నా వేలు ముంచాను. షాహిదా ఆంజనప్ప గారి దగ్గర నుంచి నాలుగో రూపం నలుసులు తెచ్చి పైనుంచి చల్లింది. ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. ముప్పై ఐదు గడిచాయి. సాయంత్రానికి మందు తేనె రంగులోనే ఉంది, నలుసులు అడుగున నలుసుల్లాగే పడి ఉన్నాయి. సంతోషించడానికి వీల్లేదు, మూడు రోజులు చూడాలి.

మంగళవారం పొద్దున ఫోన్ చేస్తే ఆయన "చెప్పండమ్మా" అన్నారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన నన్ను మీరు అనలేదు. ప్రొఫెసరమ్మ అని ఆటపట్టిస్తున్నారనుకుని నేనూ నవ్వాను. సాయంత్రం కూడా అండీ అనే అన్నారు. బుధవారం ఫోన్ ఎత్తి, కడప బండి లేటుగా ఉంది, అరగంటలో వస్తుంది అని పెట్టేశారు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో నాకు తెలుసు. కానీ పూర్తి మోతాదు వేసుకుంటున్న మనిషికి అది రాకూడదు. లెక్క ప్రకారం రాకూడదు.

పక్కింటి సాలమ్మకు ఫోన్ చేసి చూసి రమ్మన్నాను. కిటికీలోంచి మాట్లాడాడనీ, తలుపు తీయమంటే మా వకుళ వచ్చేదాకా తీసేది లేదన్నాడనీ, బాగానే ఉన్నాడనీ చెప్పిందామె. నేను చెప్పులేసుకుని బయలుదేరాను. షాహిదా తలుపుకు అడ్డం నిలబడింది.

"ఇప్పుడు పోతే ఆయన కాడ ఉండేది కూడా గడ్డకడతాది మేడమ్. రేపు పన్నెండు దాకా ఆగండి. మీకు దండం పెడతా."

ఆగాను. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. డాక్టరును పంపుదామన్నా ఆయన తలుపు తీయరు, తలుపు పగలగొట్టి మనుషులు జొరబడితే సీసాలు దక్కవు. గురువారం పన్నెండయింది. సీసా నిగనిగలాడుతూనే ఉంది. బదరీనాథ్‌కు చెప్పాను. అతను ఏడ్చినట్టున్నాడు. ఆ సాయంత్రమే కొత్త షెడ్డులో పని మొదలవుతుందని, పదహారు రోజుల్లో మొదటి సీసాలు బయటికి వస్తాయని చెప్పాడు. అతని మాట పూర్తికాకముందే నేను కారులో ఉన్నాను. పక్క సీట్లో సీసా, ఆయన దగ్గరున్న సీసాల్లో కలపడానికి బంక పొట్లం.

వెనక గది తలుపు గడియ వేసి ఉంది. కిటికీ పక్కన బల్ల కనిపించింది. దాని మీద ఒక సీల్ తీయని సీసా, ఒక తీసిన సీసా. ఐదు రోజులు రావలసిన సీసా ఏడో రోజుకు ఇంకా ఇంత మిగిలి ఉంది. ఇరవై రోజులకు పైనే అని నేనన్నాను. మూడు సీసాలను ముప్పై రోజులకు సర్దుకున్నారు. వేసుకుంటున్నారా అని అడిగానే గానీ ఎంత అని ఒక్క పూటా అడగలేదు. అంకెలతో బతికినదాన్ని.

తలుపు కొట్టాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నారు. నా మొహంలోకి మర్యాదగా చూశారు.

"ఎవరు కావాలమ్మా?"

"నేనండీ, వకుళను. తలుపు తీయండి."

"వకుళ ఊర్లో లేదమ్మా. యూనివర్సిటీలో ఉంది. ఆమె వచ్చేదాకా తలుపు తీయకూడదు. మందు పాడైపోతాదంట."

నేనే వకుళనన్నాను. మా పెళ్లి జరిగిన ఊరు చెప్పాను, వాళ్లమ్మ పేరు చెప్పాను. తలుపుకు భుజం ఆనించి తోశాను. ఆయన కంగారుపడి బల్ల మీది రెండు సీసాలూ తీసి ఛాతీకి అదుముకుని గోడ వైపు తిరిగారు. నా నుంచే వాటిని కాపాడుతున్నారు. ఇక తోయలేదు. ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు.

"ఆమే నన్ను పంపింది. ఈ మందు మీకు ఇవ్వమంది" అన్నాను.

ఆయన సీసాలు వదలకుండానే ఇటు తిరిగారు.

"ఆమె బాగుండాదా?"

"బాగుంది."

"అన్నం తింటాండాదా? పనిలో పడితే తినదు. అడిగినానని చెప్పండి. ఈ మందు మాత్రం మీ చేతి నుంచి తీసుకోనమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆమెనే రమ్మనండి. ఆమె వస్తే తీస్తా."

సరే, పిలుచుకొస్తానని చెప్పాను. వెనక్కి తిరిగి నడిచి గేటు దాటాను. గేటు వేశాను. రోడ్డు మీద నిలబడి కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకున్నాను. మళ్లీ గేటు తీసి, రోజూ సాయంత్రం వచ్చినట్టు చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచి వచ్చి తలుపు కొట్టాను.

"నేను, వకుళను. వచ్చినా."

లోపల అడుగుల చప్పుడయింది. గడియ తీశారు. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. చేతిలోని సీసాలు రెండూ నా చేతికిచ్చి, గుమ్మం బయటికి తొంగిచూశారు.

"వచ్చినావా. ఇంతసేపూ ఒకామె నీకోసం ఈడ్నే నిలబడుకోని ఏడుస్తా ఉండె. ఎవరో పాపం, లోపలికి రానియ్యలేదు నేను. పోయి పిల్చకరా."